ఎవరెత్తుకున్నారు ఆ బిడ్డను?

ఉప్పల్ చౌరస్తాలో వరంగల్ బస్సు కోసం ఎప్పుడైనా నిలబడ్డారా? "గుట్ట, గుట్ట", "జనగామ, హన్మకొండ" అని కేకలు వినబడుతూనే ఉంటాయి. పైన మెట్రో, కింద ఆటోలు, మధ్యలో మనం. ఆ తూర్పు దారిన పోయే బస్సు ఏది ఎక్కినా ఏదో ఒక వింత పుట్టుక కథ దగ్గర దిగుతామని నాకు తట్టినప్పటినుంచి, ఎవరు కలిసినా ఇదే చెప్తున్నాను. ఇవ్వాళ మీరు దొరికారు. చాయ్ తెప్పించుకోండి, కాస్త సేపు పడుతుంది.

గుట్ట బస్సెక్కితే యాదగిరి నరసింహుడు. తల్లి లేదు, తండ్రి లేడు, ప్రహ్లాదుడి మాట నిలబెట్టడానికి స్తంభం చీల్చుకుని వచ్చినవాడు. ఇంకాస్త ముందుకు పోయి ఆలేరులో దిగితే కొలనుపాక, అక్కడి జైన మందిరంలో మహావీరుడు. శ్వేతాంబర జైనులు చెప్పుకునే కథలో ఆయన మొదట దేవానంద అనే బ్రాహ్మణ స్త్రీ కడుపున పడ్డాడు. ఇంద్రుడి ఆజ్ఞతో హరిణైగమేషి అనే దేవుడు ఆ పిండాన్ని త్రిశల గర్భంలోకి చేర్చాడు. దిగంబరులు ఈ కథ ఒప్పుకోరు. మన బలరాముడు కూడా అంతే కదా, దేవకి కడుపులోంచి రోహిణి కడుపులోకి. ఇక వరంగల్, ములుగు దాటి తాడ్వాయి అడవుల్లోకి పోతే మేడారం. నాకు ఎక్కువసేపు కూర్చోవాలనిపించేది అక్కడే.

సమ్మక్క కథ మీకు తెలిసే ఉంటుంది. కోయ పెద్దలు వేటకు పోయినప్పుడు అడవిలో పులుల మధ్య ఆడుకుంటూ ఒక పసిపాప కనబడింది. ముఖం వెలుగుతోంది. పులులు ఏమీ చేయడం లేదు. ఆ పాపను ఊరికి తెచ్చి పెంచారు. పెరిగి పెద్దదై ఆకులూ వేర్లతో వైద్యం చేసింది, పగిడిద్దరాజును పెళ్లాడింది, సారలమ్మను, నాగులమ్మను, జంపన్నను కన్నది. పన్ను కట్టమని కాకతీయ సైన్యం వస్తే కత్తి పట్టింది. చివరికి చిలకలగుట్ట మీద కుంకుమ భరిణెగా మిగిలింది. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి జరిగే జాతరలో లక్షల మంది నిలువెత్తు బెల్లం తూచి ఇస్తారు. దాన్ని అక్కడ బెల్లం అనరు, బంగారం అంటారు. కన్నెపల్లిలో సారలమ్మ గద్దెకు బయలుదేరేటప్పుడు పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో దారిలో వరం పడతారు. పూజారులు వాళ్ల మీదుగా దాటిపోతారు. కన్నతల్లి ఎవరో తెలియని ఒక పిల్ల, ఆ పిల్ల కన్న బిడ్డ, వీళ్ల దగ్గరికే కడుపు పండాలని జనం పోతున్నారు. నాకు ఈ సంగతి తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఇలాంటి కథ వినగానే మనం పుట్టిన తీరు దగ్గరే ఆగిపోతాం. పులులట, వెలుగట, ఎంత వింత అనుకుంటాం. నేను దాని తర్వాతి మాట కోసం చూస్తాను. ఆ బిడ్డను ఎవరెత్తుకున్నారు? పులుల మధ్య ఉన్న పిల్లను "ఎవరి పిల్లో మనకెందుకు" అని వదిలిపెట్టి రాలేదు కోయలు. ఎత్తుకున్నారు, పేరు పెట్టారు, పెంచారు. ఆ కథలో నాకు కనబడే మహిమ అదే.

మా నాచారం గల్లీల్లో ఆషాఢం వస్తే బోనాలు. ఒకసారి బోనం దించి కూర్చున్న ఒక అవ్వను అడిగాను, "అవ్వా, ఎల్లమ్మను కన్నది ఎవరు?" అని. "పుట్టనే కన్నది బిడ్డా. మట్టి తల్లి. ఇంకెవరున్నరు ఆమెకు?" అంది, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. పురాణాల్లో రేణుక రాజుగారి బిడ్డ, జమదగ్ని భార్య, పరశురాముడి తల్లి. బైండ్లవాళ్లు జమిడిక వాయిస్తూ చెప్పే కథలో ఆమె పుట్టలో దొరికిన పాప. రాజుగారి బిడ్డ అంటే మనకు దూరం. పుట్టలో దొరికిన పాప మన పాప. తెలంగాణ పల్లెలు రెండో కథనే గుండెకు హత్తుకున్నాయి. ఇంకా వెనక్కి పోతే ఆదిశక్తి కథ ఉంది. ఎవరూ లేనప్పుడు తానే పుట్టి, మూడు గుడ్లు పెట్టి, వాటిలోంచి త్రిమూర్తులను పొదిగింది. ఫిన్లాండ్ వాళ్ల కలేవాలలో కూడా లోకం బాతు గుడ్లు పగిలితే ఏర్పడిందే. అంత చలిదేశానికీ మన ఊరి కథకూ ఈ గుడ్డు ఎలా కలిసిందో కానీ, వింటుంటే ముచ్చటేస్తుంది.

ఇప్పుడు దొరికిన పాపలను వరసగా తలచుకుందాం. జనకుడు నాగలి పట్టి దున్నుతుంటే చాలులో సీత. తిరుచానూరు కథలో ఆకాశరాజు యజ్ఞం కోసం నేల దున్నుతుంటే పద్మంలో పద్మావతి. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడి తులసివనంలో గోదాదేవి. జపాన్ పాతకథలో వెదురు కొట్టుకునే ముసలాయనకు వెలుగుతున్న బొంగులో దొరికిన చిన్నారి కగుయ. వీళ్లందరూ ఆడపిల్లలే, గమనించారా? పొలం గట్టున, తోటలో, పుట్ట పక్కన ఆడపిల్ల దొరకడం ఆ కాలపు వాళ్లు ఎన్నడూ ఎరగని సంగతి కాదేమో అనిపిస్తుంది నాకు. ఎవరో కన్నారు, ఉంచుకోలేకపోయారు. ఇంకెవరో దొరకబుచ్చుకున్నారు. ఆ పిల్ల ఎదిగాక "నువ్వెవరి బిడ్డవు" అని లోకం అడుగుతుంది. భూమి బిడ్డను, పద్మం బిడ్డను, అడవి బిడ్డను అనే జవాబును కథ ముందే చేతిలో పెట్టి పంపింది. చరిత్రకారులు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, నేను నమ్మేది ఇదే.

మగపిల్లలూ లేకపోలేదు. చైనాలో జో వంశానికి మూలపురుషుడు హౌజి. తల్లి జియాంగ్ యువాన్ దేవుడి అడుగుజాడలో కాలు పెట్టి గర్భవతి అయింది. తండ్రి లేని ఆ బిడ్డను సందులో వదిలేస్తే గొర్రెలూ గొడ్లూ తొక్కకుండా కాపాడాయి. అడవిలో పెట్టబోతే అక్కడ కట్టెలు కొట్టేవాళ్లున్నారు. గడ్డకట్టిన నీటి మీద పడుకోబెడితే పక్షులు వచ్చి రెక్కలు కప్పాయి. చివరికి తల్లే ఎత్తుకుంది. ఆ పిల్లాడే జనానికి ధాన్యం పండించడం నేర్పాడు. మేనక వదిలిపోతే పక్షులు కాపలా కాసిన పసికందు మనకూ ఉంది, శకుంతల. కణ్వుడు ఆశ్రమానికి తెచ్చుకుని కన్నకూతురిలా పెంచాడు. పారశీకుల షాహ్‌నామాలో జాల్ తెల్లజుట్టుతో పుట్టాడు. లోకం నవ్వుతుందని తండ్రి సామ్ కొండల్లో పారేయించాడు. సీమూర్గ్ అనే పక్షి గూటికి తీసుకుపోయి పెంచింది. ఏళ్ల తర్వాత కల వచ్చి, తప్పు తెలిసి, సామ్ కొడుకును వెతుక్కుంటూ ఆ కొండ దగ్గరికి వచ్చి నిలబడతాడు. ఆ ఘట్టం చదివి కదిలిపోనివాళ్లు ఉండరు. కాశీలో లహర్‌తారా చెరువు దగ్గర దొరికిన పసివాడిని నీరూ, నీమా అనే ముస్లిం నేతదంపతులు పెంచారని చెప్తారు. అతనే కబీరు.

నాచారంలో కూర్చుని పౌరాణికాలు మాట్లాడుతూ ఎన్టీఆర్‌ను తలచుకోకపోతే ఎలా? ఆయన రామకృష్ణ హార్టికల్చరల్ స్టూడియో ఇక్కడే కదా. 1977 సంక్రాంతికి వచ్చిన 'దానవీరశూర కర్ణ' గుర్తు తెచ్చుకోండి. కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు, మూడు వేషాలూ ఆయనే, దర్శకత్వమూ ఆయనే. ఆ ముగ్గురివీ వింత పుట్టుకలే. ఒకే మనిషి ఒకే సినిమాలో మూడు అద్భుత జన్మలు మోశాడు. సినిమా గురించి ఎంతమంది ఎంత రాసినా ఈ మాట అన్నవాళ్లు నాకు కనబడలేదు.

దుర్యోధనుడి సంగతి చూడండి. గాంధారి రెండేళ్లు మోసింది. అవతల కుంతికి కొడుకు పుట్టాడని విని, ఓర్చుకోలేక కడుపు మీద కొట్టుకుంది. ఇనుపగుండులాంటి మాంసపు ముద్ద పడింది. వ్యాసుడు దాన్ని నూటొక్క ముక్కలు చేయించి నేతికుండల్లో పెట్టించాడు. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి, ఇది ఆనాటి టెస్ట్‌ట్యూబ్ శాస్త్రమే అన్నారు. నాకు బాధేసింది. రెండేళ్లు మోసిన తల్లి తన కడుపు తానే కొట్టుకున్న దుఃఖం ఆ కథలో ఉంది. దాన్ని ప్రయోగశాల పద్ధతిగా చదివితే గాంధారి కనబడకుండా పోతుంది. నిజంగా గాజుపాత్రలో మొదలైన పుట్టుకకు మన దేశంలో ఒక మనిషి మూల్యం చెల్లించాడు కూడా. ఇంగ్లండ్‌లో 1978 జూలై 25న లూయీ బ్రౌన్ పుడితే, అదే ఏడాది అక్టోబర్ 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషితో దుర్గ పుట్టింది. ఆయన మాట అప్పటి పెద్దలు నమ్మలేదు. 1981లో ఆయన తన ప్రాణాలు తానే తీసుకున్నాడు. గుర్తింపు ఆ తర్వాత ఎప్పటికో వచ్చింది. కుండల కథకు శాస్త్రం పేరు తగిలించే ఓపిక ఉన్న మనకు, కళ్లముందు శాస్త్రం చేసినవాడిని కాపాడుకునే ఓపిక లేకపోయింది.

కృష్ణుడి పుట్టుక అంటే చెరసాల, తెరుచుకున్న తలుపులు, దారి ఇచ్చిన యమున. కృష్ణుడికి బదులుగా దేవకి పక్కకు చేరిన యశోద కూతురిని మాత్రం మనం తొందరగా మరిచిపోతాం. కంసుడు రాతికేసి కొట్టబోయింది ఆ పాపనే. ఆకాశానికెగిరి దేవి అయింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఒక పిల్లాడి కోసం ఒక పిల్ల పోయిన కథ అయ్యేది.

ఇక కర్ణుడు. కుంతి బిడ్డనుంచిన పెట్టెను వదిలింది అశ్వనదిలో. అక్కడి నుంచి చర్మణ్వతి, యమున, గంగ దాటి చంపాపురి దగ్గర అధిరథుడి కంటబడింది. ఆయన భార్య, బిడ్డలు లేని రాధ ఎత్తుకుంది. యుద్ధం ముందు కుంతి వచ్చి నిజం చెప్పినా, తండ్రి సూర్యుడే సాక్ష్యం పలికినా, తాను రాధ కొడుకుగానే ఉంటానన్నాడు కర్ణుడు. వింత పుట్టుకలన్నిటిలో ఎత్తుకున్న తల్లికి దక్కిన అంత పెద్ద మర్యాద నేనెక్కడా చూడలేదు.

కుంతి దగ్గర ఇంకొంచెం ఆగాలి. పెళ్లికాని పిల్ల, చేతిలో బిడ్డ, లోకం ఏమంటుందోనన్న భయం. సరిగ్గా ఇదే చోట మరో తల్లి నిలబడింది, మరియమ్మ. క్రిస్మస్‌కు ఉప్పల్, నాచారం ఇళ్ల మీద నక్షత్రాలు వెలిగినప్పుడల్లా నాకు ఈ ఇద్దరూ కలిసి గుర్తొస్తారు. మత్తయి సువార్తలో యోసేపు ఆమెను గుట్టుగా వదిలేద్దామనుకున్నాడు. కలలో దేవదూత చెప్పాక ఇంటికి తెచ్చుకున్నాడు. ఖురాన్‌లో మరియం పేరుతోనే ఒక సూరా ఉంది, 19వది. అక్కడ ఆమె ఒక్కతే జనానికి దూరంగా పోతుంది. ఖర్జూరపు చెట్టు మొదలు దగ్గర నొప్పులు పడుతూ, ఇంతకంటే ముందే చచ్చిపోయినా బాగుండేదని వాపోతుంది. దేవుడి తల్లి, ప్రవక్త తల్లి అని మనం చేతులెత్తి మొక్కే మనిషి నోట ఆ మాట! అప్పుడు కాళ్లకింద నీళ్లు ఊరతాయి, చెట్టు ఊపితే పండ్లు రాలతాయి. బిడ్డనెత్తుకుని ఊళ్లోకి వస్తే జనం చుట్టుముడతారు. ఆమె మాట్లాడదు. పొత్తిళ్లలోని ఈసా, అంటే యేసు, నోరు తెరిచి తల్లి పక్షాన మాట్లాడతాడు. ఒకామె పక్షాన నిలబడటానికి యోసేపు వచ్చాడు, పసివాడు పలికాడు. కుంతి పక్షాన ఎవరూ రాలేదు, నది తప్ప. దేవుడి వల్లే బిడ్డ కలిగినా ఊరి ముందు నిలబడాల్సింది తల్లే అని ఈ రెండు కథలూ చెప్తున్నాయి.

నాచారానికి ఉత్తరాన ఆనుకునే ఉంది మౌలాలి గుట్ట. ఎప్పుడూ ఎక్కకపోతే ఒక ఉదయం ఎక్కండి, మెట్లు బాగానే ఉంటాయి. 1578లో, ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, యాకూత్ అనే దర్బారు సేవకుడికి కలలో హజ్రత్ అలీ ఈ గుట్ట మీద రాతి మీద చెయ్యి ఆనించి కూర్చున్నట్టు కనబడింది. మరునాడు వచ్చి చూస్తే రాతి మీద చేతి గుర్తు ఉందట. ఆ అలీ పుట్టుక కూడా వింతే. తల్లి ఫాతిమా బింత్ అసద్ కాబా చుట్టూ తిరుగుతుండగా నొప్పులు వచ్చాయి. గోడ చీలి దారి ఇచ్చింది. ఆమె లోపలికి వెళ్లి, మూడు రోజుల తర్వాత బిడ్డతో బయటికి వచ్చింది. షియాలు ఎంతో ప్రేమగా చెప్పుకునే కథ ఇది. రజబ్ 13న ఆయన పుట్టినరోజు.

ఆ గుట్ట దగ్గరే మరో పుట్టుక కథ ఉంది, మన హైదరాబాదుదే. రాజ్ కున్వర్ అనే గాయని ఆరు నెలల గర్భంతో మౌలాలి జియారత్‌కు వచ్చింది. అక్కడే గర్భం నిలవదేమో అన్నంత ప్రమాదం వచ్చింది. ఆమెతో వచ్చిన చరిత్రకారుడు తజల్లీ అలీ షా దర్గాకు పోయి దారమూ ధూపమూ తెచ్చాడు. గర్భం నిలిచింది. 1768లో పుట్టిన ఆ పాపే చందా, మనం మహ్‌లఖా బాయి అని పిలుచుకునే కవయిత్రి. పిల్లలు లేని సవతి అక్క మెహతాబ్ ఆమెను పెంచుకుంది. చూశారా, ఇక్కడా కన్నది ఒకరు, ఎత్తుకున్నది ఇంకొకరు. మహ్‌లఖా 1798లో తన ఉర్దూ గజళ్ల దివాన్ కూర్చింది, నిజాం దర్బారులో పెద్దపీట అందుకుంది. 1792లోనే గుట్ట కింద తల్లికి సమాధి కట్టించింది. 1824లో తానూ తల్లి పక్కనే ఒరిగింది. పోతూ పోతూ తన ఆస్తిని నిలువ నీడలేని ఆడవాళ్లకు రాసిపోయింది. ఎల్లమ్మకు బోనమెత్తే మా అవ్వకు ఈ కథ చెప్తే, "ఆమె కూడా తల్లే" అంటుందని నాకు తెలుసు.

ఉప్పల్ నుంచి పడమరకు, తార్నాక వైపు పొండి. హబ్సిగూడలో సీసీఎంబీ, 1977లో మొదలైన సంస్థ. 1980ల చివర్లో డాక్టర్ లాల్జీ సింగ్ బృందం అక్కడే డీఎన్‌ఏ వేలిముద్రల పరీక్షను మన దేశంలోనే చేసుకునే దారి చూపింది. ఆ పరీక్ష కోర్టు మెట్లెక్కిన తొలినాళ్ల కేసుల్లో ఒకటి కేరళలోని తలశ్శేరిది. ఒక తల్లి, తన బిడ్డకు తండ్రి ఫలానా మనిషే అంటుంది. ఆయన కాదంటాడు. రక్తం హైదరాబాదుకు వచ్చింది. తల్లి చెప్పిందే నిజమని తేలింది. దుష్యంతుడి సభలో శకుంతల పక్షాన ఆకాశవాణి పలికినట్టే, ఇక్కడ హబ్సిగూడ పలికింది. ఇప్పుడు ఆ పనికోసమే ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ ఉంది. మెట్రోలో ఆ దారిన పోయేటప్పుడు ఒకసారి తలెత్తి చూడండి. వేల ఏళ్లుగా ఆడవాళ్లను నిలదీసిన ప్రశ్నకు జవాబు చెప్పే ఇళ్లు అవి.

తండ్రి ఎవరో తేల్చడం వరకే శాస్త్రం పని. ఎత్తుకోవడం మన పని. అది ఎంత తప్పుదారి పట్టగలదో కూడా మన పక్కనే చూశాం. 2024 మే నెలలో, ఉప్పల్‌ను ఆనుకునే ఉన్న పీర్జాదిగూడలో, వేరే రాష్ట్రాల నుంచి పసికందులను తెచ్చి అమ్ముతున్న ముఠాను రాచకొండ పోలీసులు పట్టుకున్నారు. పదిమందికి పైగా పిల్లలను బయటికి తెచ్చారు. కొన్నవాళ్లలో ఏళ్ల తరబడి బిడ్డల కోసం తపించినవాళ్లు ఉన్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. అయినా పిల్లకు వెల కట్టిన చోట రాధ లేదు, కణ్వుడు లేడు.

సరైన దారి ఒకటి ఉంది, అది చాలామందికి తెలియదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, పెంచలేని తల్లి బిడ్డను బాలల సంక్షేమ కమిటీకి అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి ఆమెకు 60 రోజుల గడువు ఉంటుంది. చెత్తకుప్పలోనో గుడి మెట్ల మీదో వదలాల్సిన అవసరం లేదు. పెంచుకోవాలనుకునేవాళ్లు కేంద్ర దత్తత సంస్థ 'కారా'లో పేరు నమోదు చేసుకోవాలి. వరస వచ్చేదాకా ఓపిక పట్టాలి. మీకు ఎక్కడైనా బిడ్డ దొరికితే 24 గంటల్లోగా పోలీసులకో, కమిటీకో, బాలల సహాయవాణికో చెప్పాలి. చెప్పకుండా దాచుకోవడం నేరం. సహాయవాణి నంబరు 1098, డబ్బు పడదు, రాత్రీ పగలూ ఎత్తుతారు. ఇప్పుడే ఫోనులో దాచుకోండి, మీ గల్లీలో ఆశా కార్యకర్తకూ, అంగన్‌వాడీ టీచరుకూ, రాత్రిపూట బండి తోలే ఆటో తమ్ముడికీ చెప్పండి.